లాన్‌లో గడ్డి మొలిచింది

కిందటేడాది జూన్‌లో మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి గారు నాకొక చిన్న పని అప్పగించారు. కన్నడం, ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఒక బోర్డు రాయిస్తున్నారట. బెంగళూరులో ఈ సర్జాపుర రోడ్డు పక్క మా సముదాయంలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే కాబట్టి తెలుగులోనూ ఒక ముక్క ఉంటే బాగుంటుందట. లాన్ మీద నడవవద్దని చెప్పాలి, అంతే. "మీరు రాస్తుంటారు కదండీ, మీకు రెండు నిమిషాల పని" అన్నారు.

రెండు నిమిషాల పనికి మూడు వారాలు పట్టింది. అందులో బద్ధకం పాలు కొంత ఉన్నా, ఎక్కువ తప్పు లాన్ అనే ఆ మాటదే.

మొదట నిజంగానే రెండు నిమిషాల్లో రాసేశాను: పచ్చికపై నడవరాదు. చూడటానికి ముచ్చటగా ఉంది. పార్కుల్లో, మ్యూజియం ఆవరణల్లో ఇలాంటి బోర్డులు చదివే పెరిగాం. పంపేముందు నాన్నకు చూపించాను. మదనపల్లె దగ్గర పల్లెలో యాభై ఏళ్ళకు పైగా సేద్యం చేసి, అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చిన మనిషి. ఆయన కళ్ళజోడు సవరించుకుని, కాగితాన్ని దూరంగా పెట్టి చదివి, "పచ్చిక మీద నడవకపోతే గొడ్లు మేసేదెట్లా?" అన్నారు.

నవ్వి ఊరుకుందామనుకున్నాను. రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. నిజమే కదా. పచ్చిక అంటే పశువు నోటికి అందే లేత గడ్డి. పచ్చిక బయలు అంటే మందను తోలుకెళ్ళే చోటు. పచ్చిక అన్న వెంటనే తెలుగువాడి చెవికి వినబడేది మెడగంటల చప్పుడు. భాగవతంలో గోపబాలురు చల్దులు విప్పుకుని తింటుంటే, లేగదూడలు పచ్చిక ఆశకు అడవి లోపలికి వెళ్ళిపోతాయి, వాటిని బ్రహ్మ దాచేస్తాడు. ఆ దూడలు వెళ్ళినచోట "నడవరాదు" అని బోర్డు ఉంటే ఆ కథే లేదు.

ఆలోచించినకొద్దీ ఒక సంగతి తేలింది. మన భాషలో గడ్డికి ఉన్న పేర్లలో చాలా వాటి వెనక ఒక పని ఉంది, ఒక నోరు ఉంది. వరిగడ్డి ఎద్దుకు, చొప్ప బర్రెకు, బోదగడ్డి ఇంటి కప్పుకు, దర్భ తద్దినానికి, గరిక వినాయకుడికి, వట్టివేరు ఎండాకాలం తడికలకు. ఎవరికీ పనికిరాకుండా పోయినదాన్ని కసువు అని ఊడ్చేశారు. కసవు అంటే గడ్డి, అదే మాట మా వైపు చెత్తకు కూడా చెల్లుతుంది. పొద్దున్నే కసువు చిమ్మి కళ్ళాపి చల్లుతారు. మేతగా ఉన్నంతసేపు గడ్డి, ఆ తరువాత చెత్త. నడుమ మూడో స్థితి లేదు. పెంచి, నీళ్ళు పెట్టి, కోసి, పారేసి, ఎవరినీ ముట్టనివ్వకుండా చూసుకునే గడ్డికి మన పెద్దలు పేరు పెట్టలేదు. పెట్టే అవసరం వాళ్ళకు రాలేదు.

గడ్డికి తెలుగులో పులు అనే పాతమాట ఉంది. తమిళంలో ఇప్పటికీ పుల్ అంటారు. కన్నడంలో పకారం హకారమై హుల్లు అయింది. మన పులు మాత్రం నిఘంటువుల్లో పడి నిద్రపోతున్నది. ఒక్కచోట మేలుకునే ఉంది: పుల్లరి. పులుకు కట్టే అరి, అంటే గడ్డి మీద పన్ను. పల్నాటి రైతులు తమ పశువులను అడవిలో మేపుకోవడానికి ఆంగ్ల ప్రభుత్వం వసూలు చేసిన పన్ను అది. సహాయ నిరాకరణ నడుస్తున్న రోజుల్లో 1921లో పల్నాడులో పుల్లరి కట్టబోమని జనం తిరగబడ్డారు. వారిని నడిపించిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసులు కాల్చి చంపారు. నాలుగు నోళ్ళ గడ్డి కోసం ఒక మనిషి ప్రాణం విడిచిన భాష మనది. అటువంటి భాషలో మా బోర్డు కోసం గడ్డి మీద ఒక వాక్యం రాయాలంటే చేయి ఆగదా?

ఇంతకూ ఇంగ్లీషువాళ్ళ లాన్ మాత్రం మొదటినుంచీ ఇలా ఉండేదా అంటే, లేదు. ఆ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ అది అడవి నడుమ చెట్లు లేని బయలు, లేదా బీడు. ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రెటన్ భాషలో బీడుకు వాడే మాట దానికి చుట్టమని చెబుతారు. అంటే మొదట మన బయలు లాంటిదే. కోసి, సమం చేసి, పట్టుగుడ్డలా పరచిన గడ్డి అనే అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. ఇంగ్లండులో జమీందార్ల భవనాల చుట్టూ లాన్ పరచుకున్నదీ అప్పుడే. ఆ కాలపు తోటల రూపశిల్పి లాన్సలాట్ బ్రౌన్ భవనం గుమ్మం నుంచి కనుచూపు మేర పచ్చదనం సాగేలా ఎస్టేట్లకు ఎస్టేట్లనే తీర్చిదిద్దాడు. (మన బ్రౌను వేరు. ఆయన మాటలు ఏరాడు, ఈయన చెట్లు ఏరాడు.)

ఆ పచ్చదనంలో నన్ను నవ్వించేది హా-హా. అదొక కందకం పేరు, నిజంగానే. లోపలివైపు నిటారు గోడ, బయటివైపు ఏటవాలు. భవనం కిటికీలోంచి చూస్తే కందకం కనబడదు. ఆవులు, గొర్రెలు తన లాన్ మీదే మేస్తున్నట్టు దొరకు కనువిందు. అవి ఎంత దూరం వచ్చినా కందకం దగ్గర ఆగిపోతాయి. పశువు కనబడాలి గానీ పశువు నోరు ఇంటివైపు గడ్డిని ముట్టకూడదు. లాన్ అనే మాటకు నాకు దొరికిన అన్నిటికన్నా మంచి నిర్వచనం ఆ కందకమే. మన సామెత ఉంది కదా, గడ్డివామి దగ్గర కుక్క అని, తాను తినదు, ఆవును తిననివ్వదు. ఆ కుక్కను తీసేసి ఆ పనిని నేలకు అప్పగించారు ఇంగ్లండు దొరలు.

గొర్రెలు పోయి యంత్రం వచ్చింది 1830లో. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని బట్టల మిల్లులో గుడ్డ మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఊహ వచ్చింది. బట్టను గొరిగినట్టే నేలను గొరగవచ్చని. తమాషా ఏమిటంటే లాన్ అనే పేరుతో ఒక సన్నని నూలు బట్ట కూడా ఉంది. అది వేరే లాన్, వేరే పుట్టుక. ఫ్రాన్సులో నారబట్టలకు పేరుపడ్డ లాఁ పట్టణం నుంచి ఆ పేరు వచ్చి ఉంటుందని అంటారు. ఇంగ్లండు చర్చి బిషప్పులు తొడిగే తెల్లని చేతుల అంగీ ఆ బట్టదే. చిక్కపేటలో మా ఆవిడ లాన్ కాటన్ డ్రెస్సు గుడ్డ బేరం చేస్తుంటే ఈ సంగతి చెప్పబోయాను. "మీటరు ఎంతకు ఇస్తాడో అది కనుక్కోండి" అంది.

నా వాదానికి అడ్డుపడే సంగతి కూడా ఒకటి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ శ్వేతసౌధం లాన్ మీద గొర్రెలను మేపించాడు. కోత కూలి కలిసొచ్చింది, ఉన్ని వేలం వేసి రెడ్‌క్రాసుకు ఇచ్చారు. అంటే నోటికి అందిన లాన్ కూడా ఉంది. కాకపోతే దాన్ని ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు. మా ఊరి బీట్లో గొర్రెలు మేశాయని ఎవరైనా వందేళ్ళ తరువాత చెప్పుకుంటారా?

ఇంగ్లీషులోనే మెడో అని ఇంకో మాట ఉంది. దాని వేరు కోత. ఎండబెట్టి దాచుకోవడానికి గడ్డి కోసే పొలం అది. పాస్చర్ అంటే మేపే పొలం. ఈ రెండింటికీ మన పచ్చిక బయలు నప్పుతుంది. లాన్‌లోనూ కోస్తారు, మెడోలోనూ కోస్తారు. ఒకచోట కోసినది దాచుకుంటారు, ఒకచోట పారేస్తారు.

ఇదంతా మా తెలుగు బృందంలో పెడితే ఒక విశ్రాంత తెలుగు మాస్టారు గారు "పదం లేకపోతే సృష్టించాలి, అరువు తెచ్చుకోకూడదు" అన్నారు. సంస్కృతంలో శాద్వలం ఉందన్నారు. ఉంది, నిజమే. పచ్చికపట్టు అనే చక్కని పాతమాట కూడా ఉంది. కానీ "శాద్వలంపై నడవరాదు" అని బోర్డు పెడితే మా పిల్లలు అదేదో అమ్మవారి పేరనుకుని దండం పెట్టుకుంటారు. ఇంకొకరు గడ్డితివాచీ అన్నారు, మరొకరు గడ్డిపరుపు అన్నారు. పరుపు అంటే ఎవరైనా వచ్చి పడుకుంటారు. కన్నడంవాళ్ళు హుల్లుహాసు అంటారు, గడ్డి పరిచినది అని. చెవికి ఎంత హాయిగా ఉందో. ఈర్ష్య పడ్డానని ఒప్పుకుంటాను. అయితే ఆ మాట కూడా ఈ ఊళ్ళో కాగితం మీదే ఎక్కువ. మా అపార్ట్‌మెంటులో కన్నడంవాళ్ళు కూడా నోటితో అనేది లాన్ అనే.

ఆ లాన్ అయినా ఈ ఊళ్ళో ఒక్క అర్థం మీద నిలబడి ఉందా? మా వాళ్ళ పెళ్ళిళ్ళు ఇప్పుడు లాన్స్‌లో జరుగుతాయి. బహువచనం తప్పనిసరి. వెళ్ళి చూస్తే షామియానా, దాని కింద ఆకుపచ్చ ప్లాస్టిక్ తివాచీ, దాని మీద మూడు వందల కుర్చీలు. అసలు గడ్డి అన్నిటికన్నా కింద ఊపిరాడక పడి ఉంటుంది. కబ్బన్ పార్కులో కర్ణాటక స్టేట్ లాన్ టెన్నిస్ అసోసియేషన్ ఉంది. అక్కడ అంతర్జాతీయ పోటీలు ఆడేది గట్టి కోర్టుల మీద. వాళ్ళనని ఏం లాభం, ప్రపంచ సమాఖ్యే తన పేరులోంచి లాన్‌ను 1977లో తీసేసింది. గడ్డి మీద ఆడే వింబుల్డన్‌లో దాన్ని సరిగ్గా 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కోసి ఉంచుతారు. ఎనిమిది మిల్లీమీటర్లంటే మేక పెదవికి కూడా అందదు. ఇక ఈ ఊళ్ళో సగం మందికి లాన్ అంటే కంప్యూటర్‌కు గుచ్చే తీగ. దాన్ని ల్యాన్ అని రాస్తే గొడవ ఉండదు గానీ, పలికేటప్పుడు ఎవరు పట్టించుకుంటారు?

ఉచ్చారణ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆ మాట నడుమ ఉన్న అచ్చుకు మన దగ్గర అక్షరం లేదు. ఆకీ ఓకీ మధ్య ఉంటుంది. హాలు, బాలు అని ఆకారం వైపు తిప్పుకుని రాసుకోవడం మనకు అలవాటు. కానీ మా అబ్బాయి బళ్ళో నేర్పినట్టు నోరు గుండ్రంగా చేసి పలుకుతాడు. నాన్న వచ్చిన కొత్తలో ఒకరోజు వాడు, "తాతయ్యా, లాన్‌కు రోజూ నీళ్ళు పెట్టాలి, లేకపోతే చచ్చిపోతుంది" అన్నాడు. నాన్న కాసేపు ఆలోచించి నావైపు తిరిగి, "లోనుకు నీళ్ళు పెడతారా ఇక్కడ? మాకు బ్యాంకువాళ్ళు నీళ్ళు తాగించారు గానీ" అన్నారు.

నీళ్ళ సంగతికి వస్తే, 2024 వేసవి ఈ ఊరివాళ్ళెవరూ మరచిపోరు. బోర్లు ఎండాయి, ట్యాంకర్ల కోసం లైన్లు కట్టాం. కావేరి నీళ్ళు నూరు కిలోమీటర్ల అవతలినుంచి ఎత్తిపోసుకుని తెచ్చుకునే ఊరు ఇది. ఆ మార్చిలో జలమండలి తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడరాదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు వేసింది. మా లాన్ కొరియన్ కార్పెట్ గడ్డి, నర్సరీ నుంచి చాపముక్కల్లా తెచ్చి పరిచినది. శుద్ధి చేసిన మురుగునీరు కొన్నాళ్ళు పెట్టారు, అదీ చాలలేదు. మే నెలకల్లా కొబ్బరిపీచు రంగుకు వచ్చింది. సంఘం సమావేశంలో నీళ్ళు ముందా లాన్ ముందా అని రెండు వర్గాలయ్యాయి. ఇప్పటికీ ఆ రెండు వర్గాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎండుగడ్డి మాత్రం మా ముందే పుష్కలంగా ఉంది.

ఆ ఏడాది జూన్ వానలు పడ్డాయి. ఒక ఉదయం మా తోటమాలి, పావగడ మనిషి, ఇంట్లో తెలుగు, బయట కన్నడం, లిఫ్టు దగ్గర నన్ను ఆపి దిగులుగా చెప్పాడు: "లాన్‌లో గడ్డి మొలిచింది సార్."

ఆ వాక్యాన్ని నేను ఇంకా మోస్తూనే ఉన్నాను. ఏ నిఘంటువూ చెప్పలేని భేదం ఆయన నాలుగు మాటల్లో చెప్పాడు. నేను ఆ తరువాత ఆయన మాటను గమనించడం మొదలుపెట్టాను. సూపర్‌వైజర్‌తో హుల్లు అంటాడు. కొయ్యాల్సింది పెరిగితే గడ్డి అంటాడు. ఎండితే, చచ్చితే, ఎవరైనా తొక్కితే, అంటే చీవాట్లు పడే సందర్భం ఏదైనా సరే, లాన్ అంటాడు. ఒకే చోటు, ఒకే మొక్క. డబ్బు, భయం దగ్గరికి వచ్చేసరికి అది లాన్ అవుతుంది.

వెళ్ళి చూశాను. చచ్చిన కార్పెట్ నడుమ పచ్చగా పాకుతున్నది గరిక. నేలకు అంటుకుని, కణుపు కణుపుకూ వేరు వేసుకుంటూ, ఎవరూ పిలవకుండా వచ్చి, నీళ్ళు అడగకుండా బతికి. నేను సంబరపడ్డాను, దాన్నే ఉండనివ్వండని కార్యదర్శి గారితో చెప్పాను. "అది కలుపు కదండీ, చూడటానికి బాగుండదు" అన్నారు. ఆగస్టు చివర్లో గునపాలతో తవ్వించి గరికంతా గోతాల్లో నింపి పారేయించారు. సెప్టెంబరు 7న వినాయక చవితి. ముందురోజు నేను కృష్ణరాజ మార్కెట్టుకు వెళ్ళి, తోపుడులో నలిగి, రెండు కట్టల గరిక డబ్బిచ్చి కొనుక్కొచ్చాను. మూడాకుల చిగుళ్ళు ఏరుతూ నాన్న ఏమీ అనలేదు. అననందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకా ఉంది. పక్క అపార్ట్‌మెంటువాళ్ళు తమ లాన్ బెర్ముడా గడ్డితో వేయించుకున్నారు, బాగా ఖర్చు పెట్టి. బెర్ముడా గడ్డి అంటే ఏమిటో తెలుసా? గరిక. ఆ రెండు పేర్లూ ఒకే మొక్కవి, కాకపోతే నర్సరీవాళ్ళు నాజూకు రకాలు ఏరి పెంచుతారు. బెర్ముడా దీవులకు కూడా అది బయటి మొక్కే. గోడకు ఇటువైపు మాలి పీకి పారేసేది, అటువైపు మాలి నాటి నీళ్ళు పెట్టేది ఒకటే.

అందుకే నేను చివరికి పచ్చిక కొట్టేసి లాన్ అని రాశాను. మాస్టారు గారికి కోపం వచ్చింది. తెలుగు మీద ప్రేమ లేదన్నారు. ప్రేమ ఉంది కాబట్టే పచ్చికను ఆ బోర్డు ఎక్కించలేదు. కర్ణాటక పల్లెల్లో గోమాళ అని ఉంటుంది, ఊరి పశువుల మేతకు విడిచిన భూమి. వంద పశువులకు 12 హెక్టార్ల లెక్కన విడవాలని రెవెన్యూ నియమాలు చెబుతాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళ గోమాళాల మీద ఇప్పుడు ఏమేమి లేచాయో బస్సు కిటికీలోంచి చూస్తే చాలు. ఆ నేల ఎటూ పోయింది. దాని మీద ఉండిన మాటను తీసుకెళ్ళి నడవకూడని చోటికి పేరుగా పెట్టడం నా వల్ల కాదు. బయటినుంచి వచ్చిన వస్తువు, బయటి పేరుతోనే ఉండనీ. బస్సును, రైలును ఎవరు తర్జుమా చేశారు?

కొత్త లాన్ పరిచాక మొదటి కోత రోజున నాన్న కిందికి వెళ్ళారు. యంత్రం వెనక సంచి నిండుతుంటే ఆయన చేతులు ఊరికే ఉండవు కదా, ఒక గుప్పెడు తీసి వాసన చూశారు. వెనక గోడ అవతల ఒకాయనకు నాలుగు ఆవులున్నాయి, రోజూ సాయంత్రం పాలు పోస్తాడు. "ఇది ఆయనకు ఇవ్వరాదూ, ఊరికే పారేస్తారెందుకు?" అని మాలిని అడిగారు.

"వద్దు పెద్దాయనా" అన్నాడు మాలి. "పురుగుమందు కొట్టి నాలుగు రోజులే అయింది. ఆవు తింటే కష్టం."

నాన్న గుప్పెడు సంచిలో వేసేసి, చేతులు పంచెకు తుడుచుకుని, మళ్ళీ కొళాయి దగ్గర సబ్బుతో కడుక్కున్నారు.

బోర్డు కిందటేడాది జూలై రెండో వారంలో వచ్చింది. నాలుగు భాషలు, ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు, చుట్టూ పూల అంచు. అచ్చు వేసినవాళ్ళకు తెలుగు రాదు, సరిచూడమని నన్ను ఎవరూ అడగలేదు. కిందివరసలో ఇలా ఉంది: లోన్‌పై నడవరాదు.

నేను కార్యదర్శి గారికి ఫోను చేసి చెప్పాను. మార్చడానికి మళ్ళీ డబ్బు పెట్టాలని, వచ్చే సమావేశంలో చూద్దామని అన్నారు. ఆ సమావేశం అయిపోయింది, ఇంకోటీ అయిపోయింది. నాన్న సాయంత్రాలు ఆ బోర్డు పక్కనున్న రాతిబెంచీ మీదే కూర్చుంటారు. కొత్తగా అద్దెకు దిగిన తెలుగు కుర్రాళ్ళు దాన్ని చదివి ఫొటో తీసుకుంటుంటే, ఎవరు ఏ బ్యాంకులో ఎంత తీసుకున్నారో నెమ్మదిగా విచారిస్తారు.